మండపం కమానుకి పిక్సెల్ స్ట్రిప్: చివర ఎర్రబడుతున్నది, తోకచుక్క కుదుపులతోటి పోతున్నది

మలక్‌పేట_కమాను:
అన్నలారా, వినాయక మండపం కమానుకి ఒక్కో ఎల్‌ఈడీ (పిక్సెల్) రంగు విడిగ మార్చగలిగే డబ్ల్యూఎస్2812బీ స్ట్రిప్ 5 మీటర్లు కట్టినం, మొత్తం 300 పిక్సెళ్లు. నడిపేది ఈఎస్‌పీ32 బోర్డు, కోడ్‌ల ఫాస్ట్‌ఎల్‌ఈడీ లైబ్రరీ, కరెంటుకి 5 వోల్టుల 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై). కరెంటు ఒక్క కొస నుంచే ఇచ్చినం. తెలుపు పెడితే చివరి మీటరున్నర ఎర్రబడుతున్నది. మధ్యమధ్య పిచ్చి రంగులు మెరుస్తున్నయి. తోకచుక్క ప్యాటర్న్ నెమ్మదిగ నడిపితే కుదుపులతోటి పోతున్నది. కోడ్‌ల ఏం మార్చాలె?

రాగితీగ:
ఎర్రబడేది కోడ్ తప్పు కాదు తమ్మీ. నిండు తెలుపుకి పిక్సెల్‌కి 60 మిల్లీఆంపియర్లు, అంటే 300కి 18 ఆంపియర్లు. స్ట్రిప్‌లోని రాగి పొర పల్చన, దూరం పోయేకొద్దీ వోల్టేజీ పడిపోతది. నీలం, ఆకుపచ్చలకు 3 వోల్టుల దాకా కావాలి, ఎరుపుకి 2 చాలు. అందుకే చివరికి ఎరుపే మిగులుతది. ఎస్‌ఎంపీఎస్ నుంచి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో రెండో కొసకి కూడా ప్లస్, గ్రౌండ్ ఇవ్వు. కోడ్‌లో పవర్ లిమిట్ 5 వోల్టులు, 8000 మిల్లీఆంపియర్లు పెట్టు. వానల కాలం, ఎస్‌ఎంపీఎస్ పొడి డబ్బాలో ఉండాలి, ఎర్తింగ్ తప్పనిసరి.

కోఠి_పిన్ను:
పిచ్చి రంగులకు కారణం డేటా వోల్టేజీ. స్ట్రిప్‌కి 5 వోల్టులిస్తే సిగ్నల్ కనీసం 3.5 ఉండాలి, ఈఎస్‌పీ32 ఇచ్చేది 3.3. కోఠి గుజరాతీ గల్లీలో 74ఏహెచ్‌సీటీ125 అడగండి, 3.3 వోల్టుల సిగ్నల్‌ని 5 వోల్టులకు పెంచే చిప్ అది. ఉత్త హెచ్‌సీ రకం ఇస్తే తీసుకోవద్దు, దానికీ 3.5 వోల్టులే కావాలి. 14వ పిన్నుకి 5 వోల్టులు, 7, 1 గ్రౌండ్‌కి, 2లో సిగ్నల్ ఇచ్చి 3 నుంచి తీసుకోండి. మొదటి పిక్సెల్ దగ్గర 330 ఓముల రెసిస్టర్. బోర్డు గ్రౌండ్, ఎస్‌ఎంపీఎస్ గ్రౌండ్ కలిసే ఉండాలి.

తోకచుక్క:
పిక్సెల్‌కి 24 బిట్లు, బిట్‌కి 1.25 మైక్రోసెకన్లు. 300కి 9 మిల్లీసెకన్లే, కాబట్టి సెకనుకి 60 ఫ్రేములు హాయిగా వస్తాయి. కుదుపు ఎందుకంటే, తల పిక్సెల్ నుంచి పిక్సెల్‌కి ఒక్కసారే దూకుతున్నది.

స్థానాన్ని 256 రెట్లు చేసి దాచండి. 256తో భాగిస్తే భాగఫలం పిక్సెల్ నంబరు. శేషం ఎంతో, తర్వాతి పిక్సెల్‌కి అంత వెలుగు. ఈ పిక్సెల్‌కి 255లో మిగిలింది. సెకనుకి 20 పిక్సెళ్ల వేగానికి 16 మిల్లీసెకన్లకోసారి 82 కలపండి. కోడ్‌ని ఆపి ఉంచే డిలే తీసేసి, గడిచిన సమయం చెప్పే మిల్లీస్ వాడండి.

ప్రతి ఫ్రేములో ముందు, పాత వెలుగుని కొంచెం తగ్గించే ఫేడ్‌టుబ్లాక్‌బై 24, ఆపైన రంగు. ఇక్కడే చాలామంది తప్పుతారు: రంగుని ఉత్త సమానం గుర్తుతో రాస్తే తల దాటేసరికి ఆ పిక్సెల్ సున్నా అయి తోక మాయమవుతుంది. సమానం ముందు నిలువు గీత పెట్టండి. ఫాస్ట్‌ఎల్‌ఈడీలో అది పాత, కొత్త విలువల్లో పెద్దదాన్ని ఉంచుతుంది. తల 299 మీదుంటే తర్వాతిది 300, అది పిక్సెళ్ల రంగులు దాచే అర్రే బయట. అర్రే సైజు 301 పెట్టి స్ట్రిప్‌కి 300 మాత్రమే పంపండి.

మలక్‌పేట_కమాను:
రెండో కొసకి కరెంటు ఇచ్చినం, తెలుపు చివరి దాకా ఒక్కతీరుగ ఉన్నది. నిలువు గీతతోటి తోక కూడా వచ్చింది. చిప్ తెచ్చేది ఉన్నది.