సమస్యాపూరణం: "కరతలధ్వని పేలుడై కలఁతఁ గూర్చె"

నిర్వాహకుడు:

కవిమిత్రులందరికీ నమస్కారం. ఈ వారం తేటగీతి పద్యానికి చివరి పాదమిస్తున్నాను, ముందరి మూడు పాదాలూ మీరు పూరించాలి.

కరతలధ్వని పేలుడై కలఁతఁ గూర్చె

చప్పట్లు మెప్పుకు గుర్తు కదా, అవి పేలుడై కలత పెట్టడమెట్లా అన్నది చిక్కు. ఇంగ్లీషులో పేలుడుకున్న ఎక్స్‌ప్లోజన్ అనే మాట పుట్టుక తెలిసినవారికి దారి సులువుగానే దొరుకుతుంది. తెలియనివారు తమ ఊహతోనే పూరించండి.

రాజమండ్రి సభ్యులు:

రోము నాటకశాలలో రోసి జనులు
నటుని సైఁపక చఱచుచుఁ దఱిమి వేయ
నా పదమె నేఁడు గుండుల కంటుకొనియె
కరతలధ్వని పేలుడై కలఁతఁ గూర్చె

నిర్వాహకుడు:

మాస్టారూ, నేను ఆశించిన దారినే పట్టుకున్నారు. లాటిన్‌లో ప్లౌదెరె అంటే చప్పట్లు చరచడం. దానికి 'బయటకు' అనే అర్థమిచ్చే ఉపసర్గ చేరి ఎక్స్‌ప్లోదెరె అయింది. ఆట నచ్చని నటుణ్ణి చప్పట్లతో, కేకలతో రంగస్థలం మీదినుంచి వెళ్ళగొట్టడమని దాని అర్థం. మెప్పును తెలిపే అప్లాజ్ కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. ఇంగ్లీషులో ఎక్స్‌ప్లోడ్ చాలాకాలం 'తిరస్కరించు' అనే అర్థంలోనే ఉండి, మందుగుండు పేలడమనే అర్థంలో 18వ శతాబ్ది చివరకు గాని స్థిరపడలేదు. పాత అర్థం నేటికీ పూర్తిగా పోలేదు. మండే వస్తువులన్నిటిలో ఫ్లాజిస్టన్ అనే పదార్థముంటుందని చెప్పి, ఫ్రెంచి రసాయనవేత్త లవోయిజే ప్రయోగాల తరువాత మూలపడిన వాదం వంటి దానిని ఇంగ్లీషువారు 'ఎక్స్‌ప్లోడెడ్ థియరీ' అంటారు. దానిని 'పేలిపోయిన సిద్ధాంతం' అని తెనిగిస్తే అనర్థమే; 'కొట్టివేసిన వాదం' అనాలి. చప్పట్లనూ కొడతాము, వాదాన్నీ కొట్టివేస్తాము కనుక తెలుగు క్రియ ఆ లాటిన్ ఊహకు ఎంత దగ్గరగా నిలిచిందో గమనించండి.

రెండవ పాదంలో మాత్రం యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నడుమ నియత స్థానంలోని అక్షరానికీ కుదరవలసిన మైత్రి, తప్పింది. నకారానికి దకారంతో మైత్రి కుదరాలంటే ఆ దకారానికి ముందు నిండుసున్న ఉండాలి. మీరు వాడినది అరసున్న గనుక బిందుయతి కాదు. "తగని నటునిఁ జప్పట్లతోఁ దఱిమి వేయ" అని సవరించుకుంటే గణాలూ యతీ రెండూ సరిపోతాయి. మూడవ పాదంలోని "గుండుల కంటుకొనియె" అన్న ప్రయోగం నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే అంటుకోవడం మాటకూ చెల్లుతుంది, నిప్పుకూ చెల్లుతుంది.

రాజమండ్రి సభ్యులు:

సవరణకు ధన్యవాదాలు. అరసున్నను లెక్కలోకి తీసుకోవడం నా పొరపాటే.

నెల్లూరు సోదరి:

పసిఁడి వలె నుయ్యెలందునఁ బవ్వళించు
పాప చెవులపై నొక్కట బారసాల
బంధువుల మోత పిడుగయి పడియె నయ్యొ!
కరతలధ్వని పేలుడై కలఁతఁ గూర్చె

నిర్వాహకుడు:

అమ్మా, పూరణ హాయిగా ఉన్నది. 'పసిఁడి వలె' అన్నది యతి కోసం వచ్చినట్లు తోస్తున్నది. "పాతచీర యుయ్యెలలోనఁ బవ్వళించు" అంటే మన ఇంటి ఉయ్యాల కళ్ళకు కడుతుంది. పిడుగు అనే మాట ఇక్కడ చక్కగా అమరింది. ఇంగ్లీషులో డెటొనేషన్ అన్న మాటకు మూలమైన లాటిన్ క్రియకు ఉరుమడమనే అర్థం.

వరంగల్లు సభ్యులు:

మూఁకుటను జొన్న గింజలు మురిసి పేలఁ
జప్పటులు గొట్టి నట్టుల సద్దు వెడలెఁ
బాలకై పొంచు మార్జాల బాల కకట
కరతలధ్వని పేలుడై కలఁతఁ గూర్చె

తొలి ఏకాదశికి మా ఇంట్లో పేలాల పిండి చేస్తున్నప్పుడు తోచిన పద్యమిది. ఒక సందేహం కూడా ఉన్నది. సమస్యలో 'పేలుడు'కు బదులు గంభీరంగా 'విస్ఫోటం' అని ఉంటే బాగుండేది కాదా?

నిర్వాహకుడు:

"మురిసి పేల" అన్న చోట నేను చాలాసేపు ఆగిపోయాను. గింజ పగలడంలో మురిపెం చూడగలిగింది మీరొక్కరే. ఇక మీ సందేహం గురించి కొంచెం విస్తారంగా చెప్పవలసి ఉన్నది.

విస్ఫోటమంటే సంస్కృతంలో బొబ్బ, పుండు అనే అర్థాలున్నాయి. మశూచికి మనవారు స్ఫోటకమనే పేరు వాడినది అందుకే. ఇంగ్లీషు ఎరప్షన్ కూడా అగ్నిపర్వతానికీ, చర్మం మీద లేచే పొక్కులకూ ఒకే మాట. మన తెలుగులోనూ బాంబు పేలుతుంది, ఎండాకాలం చెమటకు ఒళ్ళు పేలుతుంది. మూడు భాషలూ ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకోకుండానే, లోపల అణగి ఉన్నది పైపొరను చీల్చుకుని రావడమనే ఒకే దృశ్యాన్ని పట్టుకున్నాయని నా నమ్మకం. కనుక పేలుడు అన్నది తక్కువ మాట కాదు. పేలాలూ అందులోనివే, సభలో పేలిన హాస్యోక్తీ అందులోనిదే.

నన్ను నిజంగా బాధించేది మరొకటి. ఇంగ్లీషు బర్స్ట్ ఎక్కడ కనబడినా 'పేలింది' అనో 'విస్ఫోటనం చెందింది' అనో రాసేస్తున్నాము. చెరువుగట్టు తెగుతుంది, కాలువకు గండి పడుతుంది, పత్తికాయ పగులుతుంది, మొగ్గ విచ్చుకుంటుంది, కోపం వచ్చినవాడు మండిపడతాడు. పగిలేది ఏదో చూసి క్రియను ఎంచుకోవడం మన రైతులకూ ఇల్లాళ్ళకూ తెలిసిన విద్య, దానిని మనం చేజేతులా పోగొట్టుకోకూడదు.

హ్యూస్టన్ మిత్రులు:

అయ్యా, అగ్నిపర్వతం విషయంలో ఎరప్షన్‌కూ ఎక్స్‌ప్లోజన్‌కూ తేడా పాటించాలా? తెలుగు పత్రికలు రెండింటికీ 'బద్దలైంది' అంటున్నాయి.

నిర్వాహకుడు:

తప్పక పాటించాలి. 1883లో ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం మే 20న బూడిద, ఆవిరి ఎగజిమ్మడం మొదలుపెట్టింది. అది ఎరప్షన్, మన పాఠ్యపుస్తకాల మాటలో ఉద్భేదనం. సుమారు 4,800 కిలోమీటర్ల దూరంలో, హిందూ మహాసముద్రంలోని రోడ్రిగ్స్ దీవిలో ఫిరంగి మోతలా వినిపించినది ఆగస్టు 27 నాటి పేలుడు. ఆ ద్వీపంలో ఎక్కువ భాగం కూలి సముద్రంలో కలిసింది గనుక 'బద్దలైంది' అన్న మాట దానికి చెల్లుతుంది. హవాయిలో కిలవేయా లావా నెమ్మదిగా పారుతున్నప్పుడు మాత్రం 'లావా పొంగింది' అనడమే సబబు.

హ్యూస్టన్ మిత్రులు:

అర్థమైంది. పొంగడం, ఎగజిమ్మడం, పేలడం, బద్దలు కావడం అనే నాలుగు క్రియలనూ వరుసగా ఒకే సీసపద్యంలో కూర్చి పంపడానికి ప్రయత్నిస్తాను.

నిర్వాహకుడు:

ఎదురుచూస్తాను. వచ్చే వారానికి ఆటవెలది పాదం:

మొగ్గ విచ్చు సద్దు మోత యయ్యె