కొండ మీద ఇంటికి శాటిలైట్ నెట్: ఇప్పుడు దొరుకుతుందా? వానల్లో నిలబడుతుందా?

కాఫీతోట
అల్లూరి జిల్లా జి.మాడుగుల మండలం, తారురోడ్డు నుంచి కిలోమీటరున్నర లోపలికి ఇల్లు. ఫైబర్ లేదు. 4జీ డాబా మీద ఒక్క గీత, ఇంట్లోకొస్తే అదీ ఉండదు. ఆఫీసు పని వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు తాళం వేసిన దారి) మీద రోజుకు 7-8 గంటలు, ఇంకా పిల్లలకో ఆన్‌లైన్ క్లాసు. వానాకాలం కరెంటు రోజుకు మూడు నాలుగు గంటలు పోతుంది, ఇన్వర్టరుకు 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఉంది. ఇంటి చుట్టూ సిల్వర్ ఓక్ చెట్లు, నైరుతి వైపు కొండ. అమెరికాలో ఉన్న బావగారు స్టార్‌లింక్ మినీ (శాటిలైట్ నెట్ పట్టే చిన్న డిష్) పట్టుకొస్తానంటున్నారు. తెప్పించుకోవచ్చా? లేకపోతే ఇక్కడే వీశాట్ (ఆకాశంలో ఒక్కచోటే ఉండే ఉపగ్రహం వైపు డిష్ బిగించి తీసుకునే నెట్) పెట్టించుకోవడం మేలా?

డిష్‌మేస్త్రి
ముందు బావగారికి ఫోన్ చేసి వద్దని చెప్పండి. అక్కడి ఖాతా ఇక్కడ పనిచెయ్యదు, ఏ దేశంలో అనుమతుంటే ఆ దేశంలోనే డిష్‌కు సేవ అందుతుంది. పైగా అనుమతి లేని రేడియో పరికరం తేవడం కస్టమ్స్‌తో, వాడటం టెలికాం చట్టంతో తలనొప్పి. స్టార్‌లింక్‌కు మన టెలికాం శాఖ జీఎంపీసీఎస్ (ఉపగ్రహం ద్వారా సేవ అందించే) లైసెన్సు ఇచ్చింది 2025 జూన్‌లో, అంతరిక్ష సేవలను చూసే ఇన్‌స్పేస్ అనుమతి జులైలో. లైసెన్సు వచ్చిందంటే కనెక్షన్ అమ్మకానికొచ్చిందని కాదు. స్పెక్ట్రమ్ కేటాయింపు, భద్రతా పరీక్షలు వేరే మెట్లు. 2025 డిసెంబరులో వాట్సాప్‌లో తిరిగిన నెలకు 8,600, పరికరానికి 34,000 ధరలు డమ్మీవని కంపెనీయే చెప్పింది. వాటిని నమ్మి ఎవరికీ అడ్వాన్సు కట్టకండి.

ఇక చెట్లు, కొండ సంగతి. రెండు రకాల ఉపగ్రహాలకు లెక్క వేరు.

వీశాట్ అయితే ఆకాశంలో ఒక్క చోటే చూస్తుంది. మన ఉపగ్రహం జీశాట్-11 ఉన్నది 74 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. మీ ప్రాంతం నుంచి దిక్కు 206 డిగ్రీలు, అంటే దక్షిణం నుంచి కాస్త పడమరకు. ఎత్తు 67 డిగ్రీలు, దాదాపు నడినెత్తిన. కొండ 30 డిగ్రీల ఎత్తు లేచినా అడ్డం కాదు. ఆ దిక్కున డిష్ కన్నా 20 మీటర్లు పొడుగున్న ఓక్ చెట్టు 9 మీటర్ల అవతల ఉంటే చాలు, అడ్డం రాదు.

స్టార్‌లింక్ రకం డిష్‌కు ఉపగ్రహాలు సుమారు 500 కిలోమీటర్ల ఎత్తులో పరుగెడుతుంటాయి కాబట్టి 110 డిగ్రీల వెడల్పున ఆకాశం కనబడాలి. డిష్ నిట్టనిలువుగా పైకి చూస్తోందనుకుంటే నాలుగు వైపులా 35 డిగ్రీల పైన ఏమీ ఉండకూడదు. అదే 20 మీటర్ల చెట్టు అప్పుడు 29 మీటర్ల అవతలుండాలి. కాఫీ తోటలో అది కుదిరే పని కాదు, నీడ చెట్లు కొట్టుకుంటూ పోతే కాఫీ ఏం కావాలి? అడ్డం ఉన్నా నెట్ వస్తుంది, కానీ ఉపగ్రహం చెట్టు వెనక్కెళ్ళిన ప్రతిసారీ కొన్ని సెకన్లు ఆగుతుంది. యూట్యూబ్‌లో అది తెలీదు, మీటింగులో మాత్రం మాట తెగిపోతుంది.

ప్యాకెట్టు
మేస్త్రిగారి దిక్కుల లెక్క సరిగ్గా ఉంది. కానీ ఇక్కడ అసలు గండం వీపీఎన్.

వీశాట్ ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అడిగిన మాట పైకెళ్ళి హబ్‌కు (కంపెనీ నేల మీది కేంద్రానికి) దిగాలి, జవాబు మళ్ళీ పైకెక్కి మీ ఇంటికి దిగాలి. నాలుగు ప్రయాణాలు, 1,43,000 కిలోమీటర్లు, కాంతి వేగంతో కూడా 480 మిల్లీసెకన్లు. వాడకంలో 600 పైనే చూస్తారు. ఈ ఆలస్యం కనబడకుండా వీశాట్ మోడెం ఒక ఉపాయం చేస్తుంది: అవతలి సర్వర్ జవాబు కోసం ఆగకుండా, అందిందని మీ కంప్యూటర్‌కు తనే చెప్పేస్తుంది. మామూలు బ్రౌజింగ్ అందుకే పర్వాలేదనిపిస్తుంది. వీపీఎన్ వేశారంటే ప్యాకెట్ లోపలి టీసీపీ వివరాలు (ఏది అందింది, ఏది అందలేదన్న లెక్క) మోడెంకు కనబడవు, ఉపాయం పారదు. స్పీడ్ టెస్టులో 10 ఎంబీపీఎస్ చూపించే లింకు మీదే వీపీఎన్‌లో ఫైలు నత్తనడక నడిచేది అందుకే. రిమోట్ డెస్క్‌టాప్‌లో అక్షరం కొట్టాక అర సెకను దాటాక గానీ తెర మీద కనబడదు. పిల్లల క్లాసుకు సరిపోతుంది, వాళ్ళు వినేదే ఎక్కువ. మీ ఆఫీసు పనికి నేనైతే వద్దంటాను.

అయినా కొటేషన్ తీసుకుంటే ఇవి రాయించుకోండి: ఎంత స్పీడుకు హామీ, ఎంతమంది పంచుకుంటారు, ఎన్ని జీబీలు దాటాక వేగం తగ్గిస్తారు, మనిషి కొండెక్కి రావడానికి ఎన్ని రోజులు, ఆ ఖర్చు ఎవరిది. అందుబాటు 99.5 శాతం అని రాస్తే ఏడాదికి 44 గంటలు ఆగినా మీరు అడగలేరు.

వానకోట
వాన గురించి. చినుకులకు, ముసురుకు ఏమీ కాదు. ఉరిమి కుండపోతగా కురిసే ఆ పది ఇరవై నిమిషాలే దెబ్బ. ఉపగ్రహ సిగ్నళ్ళలో కేయూ బ్యాండ్ కన్నా, ఇంకా ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉండే కేఏ బ్యాండ్‌కు ఎక్కువ. జీశాట్-11 ఇళ్ళవైపు బీములు కేయూ, 2024 నవంబరులో పైకెళ్ళిన జీశాట్-ఎన్2 పూర్తిగా కేఏ. ఏ ఉపగ్రహం మీద ఇస్తున్నారో అడగండి.

చాలా చోట్ల వాన మీదకు తోసేసేది నిజానికి కనెక్టర్ తప్పు. తేడా ఇలా పట్టుకోవాలి: వాన ఆగిన పది నిమిషాలకు మోడెం పేజీలో సిగ్నల్ పాత అంకెకు వస్తే అది వాన పనే. వాన వెలిసి ఎండ కాసి, మధ్యాహ్నానికి గానీ కోలుకోకపోతే డిష్ నుంచి వచ్చే ఆర్‌జీ-6 కేబుల్‌లోకి నీళ్ళు దిగినట్టు. దాని చివర ఎఫ్ కనెక్టర్ విప్పి చూడండి, నడిమి రాగి తీగ ఆకుపచ్చగా, దాని చుట్టూ ఉన్న జాలీ నల్లగా ఉంటుంది. అంతవరకు కోసి కొత్త కంప్రెషన్ కనెక్టర్ వేసి, సాగే రబ్బరు టేపు కింద నుంచి పైకి చుట్టాలి, ఇంటి పెంకుల్లా ఒకదాని మీదొకటి ఎక్కేలా. గోడలోకి దూరే ముందు కేబుల్ కిందికి ఒక వంపు తిరగాలి. నల్ల ఇన్సులేషన్ టేపు ఒక్క వేసవికే ఊడిపోతుంది.

రెండోది కదలిక. 75 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు రెండు డిగ్రీల పైచిలుకే. గాలికో కోతి ఊగినందుకో ఒక డిగ్రీ జరిగితే సిగ్నల్ దాదాపు సగం పోతుంది. ఎండలో నడుస్తుంది, మబ్బు పట్టగానే ఆగుతుంది. గొట్టం గోడకు కాకుండా నేలలో కాంక్రీటు పోసి నిలబెట్టించండి, బిగించాక బోల్టు దగ్గర పెయింటుతో గీత పెట్టండి. గీత తప్పితే జరిగినట్టే. డిష్ ఆఫ్‌సెట్ రకం (సిగ్నల్‌ను నేరుగా కాక ఏటవాలుగా పట్టేది) కాబట్టి 67 డిగ్రీలకు పెట్టినా కంటికి అంతకన్నా కిందికి చూస్తున్నట్టుంటుంది, తప్పనుకుని తిప్పెయ్యకండి.

మార్చి రెండో వారంలో, సెప్టెంబరు చివర-అక్టోబరు మొదట్లో మధ్యాహ్నం పన్నెండున్నర, ఒంటిగంట మధ్య వరసగా కొన్ని రోజులు కొద్ది నిమిషాలు నెట్ పోతే సర్వీసుకు ఫోన్ చెయ్యక్కర్లేదు. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనకకు వస్తాడు, అంతే.

ప్యాకెట్టు
వానకోటగారూ, స్టార్‌లింక్ వైపూ ఒక మాట. 2025 జులై 24న ప్రపంచమంతా రెండున్నర గంటలు ఆగింది, చినుకు లేకుండానే. లోపలి సాఫ్ట్‌వేర్ పడిపోయింది. ఏది పెట్టినా ఒక సిమ్ పక్కన ఉంచుకోవాల్సిందే.

యాంపియర్
కరెంటు లెక్క ఎవరూ చెప్పలేదు. 150 ఏహెచ్, 12 వోల్టులంటే 1,800 వాట్ అవర్లు. బ్యాటరీ బతకాలంటే సగమే వాడాలి, ఇన్వర్టర్ నష్టం పోగా చేతికి 750 వస్తుంది. స్టార్‌లింక్ మామూలు డిష్ 75 నుంచి 100 వాట్లు లాగుతుంది, అంటే ఏడున్నర నుంచి పది గంటలు, అదీ ఫ్యాను వెయ్యకుండా. మినీ 25-40 వాట్లే, డీసీతో నేరుగా నడుస్తుంది. మీ మూడు నాలుగు గంటల కోతకు ఏదైనా సరిపోతుంది. బ్యాటరీ నిండటానికి మధ్యలో కరెంటు ఉండాలన్నదే షరతు. డిష్ గొట్టానికి ఎర్త్ వేసి, దాన్ని ఇంటి ఎర్త్‌తో కలపండి. విడివిడిగా వదిలేస్తే దగ్గర్లో పిడుగు పడ్డప్పుడు రెంటి మధ్య తేడా అంతా మోడెం మీదుగానే పారుతుంది.

డిష్‌మేస్త్రి
అసలు ముందు ఆ 4జీ ఒక్క గీతను పూర్తిగా వాడారా? డాబా మీద నాలుగు మూలలా నిలబడి, నెట్‌వర్క్ మానిటర్ యాప్‌లో ఆర్‌ఎస్‌ఆర్‌పీ (సిగ్నల్ బలం, సున్నాకు దగ్గరైన కొద్దీ మేలు) ఎంతో, ఏ బ్యాండో రాసి పెట్టండి.

కాఫీతోట
చూశానండి. తూర్పు మూలన మైనస్ 112, బ్యాండ్ 28. మిగతా చోట్ల మైనస్ 118 కింద.

డిష్‌మేస్త్రి
బ్యాండ్ 28 అంటే 700 మెగాహెర్ట్జ్, చెట్లలోంచి బాగానే దూరుతుంది. తూర్పు మూలన 6 మీటర్ల గొట్టం, దాని మీద ఆ బ్యాండ్ పట్టే దిక్కు యాంటెన్నా ఉన్న బయటి 4జీ రూటర్. కిందికి ఈథర్‌నెట్ కేబుల్ మాత్రమే దించండి, కరెంటూ దాంట్లోనే వెళ్తుంది. యాంటెన్నా పైన పెట్టి సన్న ఆర్‌జీ-58 కేబుల్‌తో కిందున్న రూటర్‌కు తెస్తే, వచ్చిన లాభం చాలావరకు కేబులే తినేస్తుంది. ఎత్తు, యాంటెన్నా కలిసి 10-15 డీబీ పెరిగితే మైనస్ 100 దగ్గరికి వస్తారు, వీపీఎన్‌కు అది చాలు. ఆన్‌లైన్‌లో అమ్మే సిగ్నల్ బూస్టర్ జోలికి పోవద్దు, లైసెన్సు లేకుండా పెట్టడం నేరం.

కొనే ముందు ఇంకొకటి చూడండి. కొండ ప్రాంతాల్లో కొన్ని టవర్లకు వెనకాల లింకే ఉపగ్రహం. ఫోన్ నుంచి పింగ్ కొట్టండి, జవాబు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది. 60-80 మిల్లీసెకన్లు వస్తే గొట్టం పాతండి. 600 దాటితే ఆ టవర్ కూడా వీశాటే, ఇంకో కంపెనీ సిమ్‌తో మళ్ళీ నాలుగు మూలలూ తిరగాలి.

కాఫీతోట
ఇప్పుడే కొట్టాను, 74 వచ్చింది. గొట్టం జీఐ రెండంగుళాలది చాలా?

డిష్‌మేస్త్రి
చాలు. మీడియం క్లాసుది తీసుకోండి, మూడు వైపులా స్టే వైర్లు కట్టండి.