పులిసిన ఇడ్లీ పిండిలో అఫ్లాటాక్సిన్ (బూజు నుంచి పుట్టే విషం) పరీక్ష స్ట్రిప్ ముంచితే ఒక్క గీతే వచ్చింది, ఏమిటి అర్థం?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి):
నమస్కారం అండీ. ఇంట్లోనే ఇడ్లీ పిండి రుబ్బి మా అపార్ట్‌మెంట్ వాళ్లకు అమ్ముతాను. మొన్నటి వానలకు గోడ చెమ్మెక్కి బియ్యం బస్తా అడుగున గడ్డకట్టింది, విరిస్తే లోపల ఆకుపచ్చటి పొడి, ఒకటే బూజు వాసన. గడ్డలు పారేశాను కానీ అప్పటికే పై బియ్యం నానబోసి రుబ్బేశాను. భయమేసి, మొక్కజొన్నకు వాడే స్ట్రిప్స్ ఆన్‌లైన్‌లో తెప్పించి పిండిని నీళ్లతో పల్చన చేసి ముంచాను. ఒక్క గీతే. ప్రెగ్నెన్సీ టెస్టులాగా ఒక గీతంటే లేనట్టేనా? పసిపిల్లలు తినే పిండి, టెన్షన్‌తో రాత్రి నిద్ర లేదు.

జవాబు 1:
అక్కా, ముందు ఆ పిండి ఎవరికీ ఇవ్వకండి. ఇది ప్రెగ్నెన్సీ టెస్టుకు తలకిందులు. విషం ఉంటే స్ట్రిప్ మీది యాంటీబాడీలను (ఆ విషానికి అతుక్కునే ప్రొటీన్లను) అదే పట్టేసుకుంటుంది, ఇక టెస్టు గీత దగ్గర అతుక్కోవడానికి ఏమీ మిగలదు, గీత రాదు. రెండు గీతలొస్తే పరిమితి లోపల ఉన్నట్టు, కంట్రోల్ గీత (స్ట్రిప్ పనిచేసిందని చూపేది) ఒక్కటే వస్తే దాటినట్టు, అదీ రాకపోతే ఆ టెస్టే చెల్లదు.

జవాబు 2 (ఫుడ్ ల్యాబ్‌లో పని చేస్తాను):
పైన చెప్పింది నిజమే, కానీ ఈ ఫలితాన్ని పట్టుకుని ఏదీ తేల్చలేం. పులిసిన పిండి పుల్లన యాంటీబాడీలను పాడుచేస్తుంది, విషం లేకపోయినా గీత మాయం కావచ్చు. పైగా నీళ్లలో అఫ్లాటాక్సిన్ సరిగా దిగదు, అందుకే కిట్‌లో మెథనాల్ లాంటి ద్రావకంతో తీయమంటారు. పిండిని కాదు, నానబెట్టకముందు బియ్యాన్నీ మినపప్పునూ చూడాలి, ఎందుకంటే ఒక్క రాత్రి పులియడంలో విషం పుట్టదు, గింజతోనే వస్తుంది. అదీ బస్తా అంతా సమంగా ఉండదు, ఒక గుప్పెట్లో బోలెడు, పక్క గుప్పెట్లో సున్నా. పైనా మధ్యా అడుగునా తీసి కిలో దాకా కలిపి మెత్తగా పట్టించి, అందులోంచి కిట్ చెప్పినంత తీసుకోండి. ఇంకోటి, కిట్ పరిమితి ఎంతో చూసుకోండి. మన దగ్గర ధాన్యాలకూ పప్పులకూ కిలోకు 15 మైక్రోగ్రాములే. 20 దగ్గర పట్టుకునే కిట్ కొంటే 18 ఉన్నా పాస్ అంటుంది.

జవాబు 3:
ఆవిరి మీద ఉడికితే పోతుందిలే అనుకోకండమ్మా, ఇడ్లీ పాత్రలో వేడి దానికి చాలదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని కాలేయం దెబ్బతిని వందమందికి పైగా పోయారు, మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లే దాన్ని పరిశోధించారు. ఆ బస్తా మొత్తం వదిలేయండి.

ప్రశ్న అడిగినవారు:
పిండి పారబోశాను, బస్తా బయట పెట్టేశాను. చట్నీ పల్లీలు కూడా అదే గదిలో ఉన్నాయి, వాటిని తీసుకుని రేపు ల్యాబ్‌కి వెళ్తున్నా.