కౌన్సెలింగ్ పీరియడ్‌లో కథ చదివి వినిపిస్తున్నం, మరి చదవడం ఎప్పుడొస్తది?

నర్సంపేట ఎస్జీటీ

నేను ప్రాథమిక బడి టీచర్‌ను (ఎస్జీటీ). మూడు, నాలుగు, ఐదు తరగతులు కలిపి 24 మంది. జీవన నైపుణ్యాలకు (మేం కౌన్సెలింగ్ పీరియడ్ అనేది ఇదే) వారానికి ఒక్క 40 నిమిషాల పీరియడ్ దొరుకుతుంది. కథ చదువుతుంటే కదలకుండా వింటున్నరు. కానీ రెండు చోట్ల తేడా కొడుతున్నది. "ఏం తెలిసింది?" అనంగనే అందరిదీ ఒకటే మాట: "మంచిగుండాలె టీచర్". ఇంకోటి, సగం మందికి ఒత్తులు రావు, ఎన్ని కథలు విన్నా అక్కడే ఉన్నరు. తొలిమెట్టు (సర్కారు బడుల్లో చదవడం, లెక్కల పునాది కార్యక్రమం) పీరియడ్‌ను దీనికోసం ముట్టుకోను. ఈ ఒక్క పీరియడ్‌లోనే మనసు సంగతి, చదువు సంగతి రెండూ నడుస్తయా? ఎంత కథ, ఎన్ని మాటలు, ఎక్కడ ఆగాలె, జెర లెక్కతో చెప్పండి.

పలకా బలపం

నడుస్తయి, కానీ రెండూ ఒకే రోజు కాదు. వారానికో కొత్త కథ ఆపేసి ఒకే కథను మూడు వారాలు చదవండి.

కథ 300 నుంచి 400 మాటలు దాటొద్దు. నెమ్మదిగ చదివినా ఐదారు నిమిషాల్లో అయిపోవాలె. పిల్లల కథలుండే వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో రెండో స్థాయి తెలుగు కథలు ఈ కొలతకు దగ్గరగ ఉంటయి, ఉచితంగా ప్రింట్ తీసుకోవచ్చు. చివర్లో నీతి వాక్యం ఉన్న కథ వద్దు. మీకు కోరస్ జవాబు వచ్చేది అందుకే: జవాబు కథలోనే రాసి ఉంది, మళ్లీ మీరు అదే అడుగుతున్నరు.

మొదటి వారం వినడం, మాట్లాడటం మాత్రమే. మూడు చోట్ల ఆగండి, అంతకు మించితే కథ తెగిపోతది. మూడింట్లో ఒకటి పాత్ర ఏదో ఒకటి చేయబోయే ముందు ఉండాలె: "ఇప్పుడు ఈమె లోపల ఏమైతున్నది?" ఎవరన్నా "బాధ" అంటే అక్కడ వదిలెయ్యకండి. బాధనా, రందినా (దిగులా), బుగులా (భయమా), ఉక్రోషమా? పిల్లలకు ఇంట్లో రంది, బుగులు తెలుసు. బడికి రాంగనే అన్నిటికీ "బాధ" ఒక్కటే మిగులుతది. వారానికి మూడు నాలుగు భావాల మాటలు చాలు.

రెండో వారం అచ్చు మీద కన్ను పడాలె. కథలోంచి ఐదు వాక్యాలు డ్రాయింగ్ షీట్ (చార్టు) మీద నల్ల మార్కర్‌తో రాయండి. వెనక వరుస పిల్ల కండ్లు చిట్లించకుండ చదవగలగాలె, అదే అక్షరం సైజు. ఇక్కడ చాలామంది తప్పు చేసేది, చదివేటప్పుడు మాటలు చూపెట్టే పుల్లతోటి. తెలుగులో ఒత్తు అక్షరం కిందుంటది. పుల్లను పదానికి ఆనించి జరిపితే చూడాల్సిన ఒత్తే దాని చాటున పడుతది. వరుసకూ వరుసకూ మధ్య మూడు వేళ్ల సందు వదిలి, పుల్లను ఒత్తు కిందికి దించి జరపండి.

ఎన్నుకునే మాటల్లో రెండన్నా ఒత్తున్నవి పెట్టండి. "స్నేహం" చూడండి. ఏత్వం గుర్తు "స" మీదుంది, శబ్దం మాత్రం "న" ఒత్తు తర్వాత వస్తది. పై నుంచి కిందికి చదివే పిల్ల "సేనహం" అంటది. అది నిర్లక్ష్యం కాదు, కంటికి కనిపించిన వరుసలోనే చదివింది. "ఉక్రోషం" కూడా అంతే, "ఉకోరషం" అయితది. బోర్డు మీద స, కింద న ఒత్తు, ఆ తర్వాత ఏత్వం, ఈ వరుసలో వేరే రంగు సుద్దతో ఒక్కొక్కటి పెడుతూ పలికించండి. పదిసార్లు "మళ్లీ చదువు" అనేకన్నా ఇది పనిజేస్తది.

మూడో వారం రాయడం. ఒక్క వాక్యం చాలు: "______కు రంది పట్టుకుంది, ఎందుకంటే ______." ఎందుకంటే తర్వాత రాసేది ఎవరిది వాళ్లదే కాబట్టి కోరస్‌కు తావుండదు. స్పెల్లింగ్ ఆ రోజు దిద్దకండి.

మనసు మాట (స్కూల్ కౌన్సెలర్)

పైది బాగుంది, ఒకటి కలుపుతా. "నీకెప్పుడన్నా ఇట్లయిందా?" అని క్లాస్ ముందు అడగొద్దు. పాత్ర గురించే అడగండి. చెప్పాలనుకున్న పిల్ల పాత్ర పేరు మీదనే చెప్పుకుంటది, వద్దనుకున్న పిల్లకు దాక్కునే చోటుంటది. ఎవరింట్లోనన్నా చావు అయిన వారమే చావు కథ తీయడం, కొట్లాడిన తెల్లారే కొట్లాట కథ తీయడం కూడా వద్దు. అందరి చూపూ ఆ ఒక్క పిల్ల మీదికే పోతది.

కథ విన్నంక ఒక పిల్ల పక్కకొచ్చి ఇంటి సంగతి ఏదో చెప్పొచ్చు. గుచ్చి గుచ్చి అడగకండి, "ఎవ్వరికీ చెప్పను" అని మాటివ్వకండి. చెప్పింది చెప్పినట్టు ఆమె మాటల్లోనే రాసి పెట్టుకోండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 రాత్రింబవళ్లు పనిచేస్తది. లైంగిక వేధింపు అని అనుమానమొస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. హెచ్‌ఎంతో చెప్పి ఊకుంటే సరిపోదు.

తండా బడి

24 మందిలో తండా పిల్లలెంత మందో రాయలేదు మీరు. లంబాడీ మాట్లాడే పిల్లకు మొదటి వారమే బరువైతది, ఎందుకంటే భావం కొత్తది కాదు, మాట కొత్తది. చదివే ముందు బొమ్మలు తిప్పుతూ, ఐదో తరగతి పిల్లతో రెండు నిమిషాల్లో కథ లంబాడీలో చెప్పించండి. కథ ముందే తెలిస్తే మజా పోతదని భయం వద్దు, ఆఖరి మలుపొక్కటి దాచిపెట్టండి. ములుగు దిక్కు కోయ పిల్లలకూ ఇదే పద్ధతి.

ఇంకోటి, పుస్తకంలో "వెళ్లాడు" అని ఉంటే నేనైతే "పోయిండు" అనే చదువుతా. పిల్లలు దగ్గరికొస్తరు.

పలకా బలపం

మొదటి వారం అట్లనే చదవండి, అభ్యంతరం లేదు. చార్టు ముందు మాత్రం వద్దు. కంటి ముందు "వెళ్లాడు" ఉండంగ చెవిలో "పోయిండు" పడితే, ఏ అక్షరానికి ఏ శబ్దమో అప్పుడప్పుడే పట్టుకుంటున్న పిల్ల ఊహించి చెప్పడం మొదలుపెడతది. "పోయిండు" అనే కావాలంటే చార్టు మీద కూడా అదే రాయండి. కన్నూ చెవీ ఒకటి కావాలె, అంతే.

నర్సంపేట ఎస్జీటీ

తండా పిల్లలు తొమ్మిది మంది. ఒక అనుమానం: మూడో వారానికి చార్టు మొత్తం నోటికొస్తది కదా. చదువుతున్నరా, అప్పజెప్తున్నరా ఎట్ల తెల్వాలె?

పలకా బలపం

వాక్యాన్ని మాటలుగ కత్తిరించి, కలగలిపి, మళ్లీ వరుసగ పేర్చమనండి. అప్పజెప్పే పిల్ల మొదటి మాట దగ్గర్నే ఆగుతది. అవే ఒత్తులతో కథలో లేని వాక్యం ఒకటి చీటీ మీద రాసి విడిగ చదివించండి: "నక్క కొత్త స్నేహం కోసం చెట్టెక్కింది" లాంటిది. అర్థం కొంచెం తిక్కగ ఉంటేనే మంచిది, ఊహించి చెప్పలేరు. మనిషికి ఒక నిమిషం, వారానికి ఐదుగురు. 24 మందికీ ఐదు వారాల్లో ఒక చుట్టు తిరుగుతది. ఏ ఒత్తు తప్పిందో పేరు పక్కన రాసుకోండి, వచ్చే కథలో మాటలు ఆ లిస్టు చూసే ఎన్నుకోవచ్చు.

చార్టుకు లామినేషన్ చేయించకండి. కిటికీ వెలుతురు పడి ఒక పక్క కూసున్నోళ్లకు ఏమీ కనపడదు.