నీ చేతి ముడా, మీ చేతి ముడా?

సభ్యులకు నమస్కారం. ఒక అధ్యాయం పేరు దగ్గర మూడు రోజులుగా ఇరుక్కుపోయాను, తలా ఓ చెయ్యి వేస్తారని ఇక్కడ పెడుతున్నా.

మకోతో షింకాయ్ తీసిన జపనీస్ యానిమేషన్ సినిమా 'కిమి నో నా వా' (2016) మీలో చాలామంది చూసే ఉంటారు. పల్లెటూరి అమ్మాయి మిత్సుహా, టోక్యో కుర్రాడు తాకి ఒకరి ఒంట్లోకి ఒకరు మారిపోతుండే కథ. దానికి తోడుగా అదే ఏడాది అరతా కనోహ్ రాసిన చిన్న నవల ఒకటి వచ్చింది, 'అనదర్ సైడ్: ఎర్త్‌బౌండ్' అని (జపాన్‌లోనూ ఆ ముక్క ఇంగ్లీషే), దాన్ని తర్వాత జున్యా నకమురా రెండు సంపుటాల మాంగాగా (జపనీస్ బొమ్మల కథగా) గీశారు. నాలుగు కథలు. మొదటిది మిత్సుహా ఒంట్లోకి వచ్చిపడిన తాకి పడే అవస్థలు, రెండోది మిత్సుహా స్నేహితుడు తెస్సీది, మూడోది చెల్లెలు యొత్సుహాది, నాలుగోది నాన్న తొషికిది. మా మేనకోడలు ఇంటర్ చదువుతోంది, నాకు జపనీస్ కాస్త వచ్చు కాబట్టి సెలవుల్లో కూర్చోబెట్టి పేజీ పేజీ తెలుగులో చెప్పించుకుంటోంది.

మూడు కథలు హాయిగా నడిచాయి. నాలుగోదాని పేరు దగ్గర బండి ఆగింది. 'అనతా గా ముసున్‌దా మోనో.' అనతా అంటే నువ్వు లేదా మీరు, ముసుబు అంటే ముడివేయడం, మోనో అంటే వస్తువు, సంగతి. మొదట 'మీరు కలిపిన బంధం' అన్నాను. అది మొహం చిట్లించి "మామయ్యా, సీరియల్ పేరులా ఉంది" అంది. నిజమే, బంధం అనగానే వెనక వీణ మోగుతుంది.

సినిమా చూడనివాళ్లు ఇక్కడ ఆగండి, ఇకముందు కథ బయటపడుతుంది. సినిమాలో తొషికి కనిపించేది మేయరుగా, కటువైన మనిషిగా, నాలుగైదు సీన్లలో. ఈ మాంగాలో తెలుస్తుంది, ఆయన జానపద సంస్కృతి మీద పరిశోధన చేస్తూ మియమిజు గుడి గురించి తెలుసుకోవడానికి ఆ ఊరు వచ్చినవాడని, అక్కడ గుడి ఇంటి కూతురు ఫుతబాను (మిత్సుహా వాళ్లమ్మ) చూసి, చదువూ ఉద్యోగమూ వదులుకుని, ఇంటిపేరు కూడా మార్చుకుని ఆ గుడి ఇంట్లో అల్లుడిగా స్థిరపడ్డాడని. మనకు దీనికి ఇల్లరికం అని మాట ఉంది కాబట్టి ఈ భాగం చెప్పడం చాలా తేలికైంది, వివరించాల్సిన పనే లేదు. భార్య జబ్బుచేసి పోయాక ఆ ఇంట్లో అత్తగారికీ ఇల్లరికపు అల్లుడికీ ఎలా ఉంటుందో కూడా మనవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక ముసుబి. సినిమాలో అమ్మమ్మ హితోహా చెబుతుంది: దారాలు పేనడం ముసుబి, మనుషులు కలవడం ముసుబి, కాలం సాగడం కూడా ముసుబే. ఈ మూడింటినీ మోయగల ఒక్క తెలుగు మాట కావాలి, పైగా నువ్వు, మీరు తగువు కూడా తేలాలి. చెప్పండి.

↳ గ్రంథి అనండి. ముడి అన్న అర్థం ఉంది, గంభీరంగానూ ఉంటుంది.

↳ మాస్టారూ, గ్రంథి అంటే మా తరానికి థైరాయిడే గుర్తొస్తుంది. ఆ పేరు పెడితే నాలుగో కథ ఆస్పత్రిలో మొదలవుతుందనుకుంటారు.

↳ ముడి అని ఉండగా సంస్కృతం దాకా ఎందుకు వెళ్లడం? మూడు ముళ్లు, బ్రహ్మముడి, కొప్పుముడి, జారుముడి, విప్పలేకపోతే పీటముడి. దారం నుంచి పెళ్లిదాకా అన్నీ అందులోనే ఉన్నాయి. కాలానికి మాత్రం అతకదు, ఒప్పుకుంటా. 'కాలం ముడివేసింది' అంటాం గానీ కాలమే ముడి అనం.

↳ ఇంకొకటి మర్చిపోయారు తమ్ముడూ. ముడుపు. మా ఇంట్లో దేవుడి అల్మరాలో ఇప్పటికీ ఒకటుంది, మా అత్తగారు పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల కట్టి, కొండకు వెళ్లినప్పుడు హుండీలో వేద్దామని పెట్టింది. ఆ ముడి విప్పకూడదు, కోరిక తీరేదాకా అది దేవుడి సొమ్మే. సినిమాలో అక్కాచెల్లెళ్లు బియ్యం నమిలి ఊసి చేసిన సారాని కొండమీద గుహలో పెట్టి వస్తారు చూడండి, అందులో మీ సగం ఉంది అంటుంది కదా అమ్మమ్మ, అది అచ్చంగా ముడుపే. కట్టడం, అప్పగించడం, తర్వాత వెళ్లి తీసుకోవడం. తర్వాత తాకి వెళ్లి ఆ సారా తాగడమంటే ఆ ముడుపు విప్పడమే.

↳ అక్కా, మాట బాగుంది కానీ ఇప్పుడు పేపర్లో ముడుపులు అంటే లంచాలే. మేయరు కథకు 'నువ్వు కట్టిన ముడుపు' అని పేరు పెడితే ఏసీబీ దాడి అనుకుంటారు.

↳ (పోస్టు పెట్టినవాణ్ణి) నవ్వులాటకు అన్నా మీరు సరిగ్గా తగిలించారు. తెస్సీ వాళ్ల నాన్నది కట్టడాల కంపెనీ, మేయరుగారితో ఆయనకున్న దోస్తీ చూసి కుళ్లు వాసన వస్తోందని తెస్సీయే సినిమాలో గొణుగుతాడు. అంటే ఆ ఊళ్లో గుడికెళ్లే ముడుపూ ఉంది, కాంట్రాక్టుకెళ్లే ముడుపూ ఉంది. తొషికి ఒకదాన్ని వదిలి రెండోదాని పక్కకు వెళ్లినవాడు. రెండింటికీ ఒకే మాట ఉన్న భాష మనది, జపనీస్ మాటకు ఈ రెండో అర్థం లేదు! అధ్యాయం పేరుకు వాడను గానీ, రెండో కథలో ఎక్కడో ఒకచోట తెస్సీ నోట పెట్టకపోతే నాకు నిద్ర పట్టదు.

↳ యొత్సుహా గురించి ఎవరూ అడగలేదేం? హితో, ఫుతా, మిత్సు, యొత్సు అంటే ఒకటి, రెండు, మూడు, నాలుగు, హా అంటే ఆకు. అమ్మమ్మ ఒక ఆకు, అమ్మ రెండు, అక్క మూడు, ఈ పిల్ల నాలుగు. అక్కకు బుద్ధులు చెప్పే ఆ గడుగ్గాయిని నాలుగాకులు ఎక్కువ చదివిందనకపోతే ఇంకెవర్నంటాం? మనది తాటాకు, వాళ్లది చెట్టు ఆకు, అయినా సరే.

↳ పై కామెంటుకు దండం. మా మేనకోడలికి వినిపించాను, ఫోన్ లాక్కుని స్క్రీన్‌షాట్ తీసుకుంది.

↳ సరే, నువ్వా మీరా? నా లెక్క ఇది. సినిమా పేరులో ఉన్నది 'కిమి', ఇద్దరు పిల్లల మధ్య మాట, నువ్వు అంటే చాలు. అధ్యాయంలో ఉన్నది 'అనతా'. జపాన్‌లో భార్య భర్తను పిలిచే మాట అది, మన 'ఏవండీ' లాంటిది. కాబట్టి 'మీరు'.

↳ అది ఫుతబా అంటోందనుకుంటేనే కదా? కథ నడిచేది భర్త తలలో. భార్య పోయింది. పోయినవాళ్లని ఎవరూ మీరు అనరు. మా నాన్నగారిని బతికున్నన్నాళ్లూ అమ్మ 'మీరు' అంది, పోయాక ఫోటో ముందు నిలబడి 'నన్నెందుకు వదిలేశావు' అంది. ఆ రోజు అందరం విన్నాం, ఎవరికీ తప్పనిపించలేదు. దేవుణ్ణీ అంతే కదా.

↳ నేను వ్యాకరణం వైపు నుంచి ఒక మాట. 'ముడివేసినది' అంటే తెలుగులో ముడివేసిన ఆ వస్తువే కానక్కర్లేదు, ముడివేసిన ఆడమనిషి అని కూడా వస్తుంది, స్త్రీకీ వస్తువుకీ మనకు ఒకటే 'ది'. ఇక్కడ ముడివేసినది ఫుతబా. అనుకోకుండా దొరికిన వరం, పోగొట్టుకోకండి.

↳ (పోస్టు పెట్టినవాణ్ణి) ఆ ఫోటో కామెంటు చదివాక మీరు అనే దారి నాకు మూసుకుపోయింది. 'నువ్వు ముడివేసినది' అని రాసుకున్నా, అర్థం సరిగ్గా ఉంది కానీ పరీక్షలో జవాబులా ఉంది. తర్వాత 'నీ చేతి ముడి' తట్టింది, నీ చేతి వంట అన్నట్టు. పోయినవాళ్ల గురించి మనం ఎక్కువగా అనేది ఆ చేతి గురించే. ఆ ఇంటి ఆడవాళ్లు తరతరాలుగా దారాలు అల్లుతున్నవాళ్లు కాబట్టి చెయ్యి పైనుంచి తెచ్చి అతికించింది కూడా కాదు. మీ గుంపులోని గ్రంథి మాస్టారు ఒప్పుకోకపోయినా ఇది ఉంచేస్తున్నా.

↳ ఒప్పుకున్నాను. కానీ 'ది' పోయింది చూసుకో నాయనా.

↳ పోయింది మాస్టారూ. చివరి పేజీలో ఒక వాక్యానికి దాచి పెట్టాను.