ఒడిశాలోని బరంపురంలో తృప్తిగా తినాలంటే ‘ఆంధ్రా మీల్స్’ బోర్డు చూసి వెళ్ళాలా, వద్దా?

పెద్దబజారు మనిషి (చర్చ మొదలుపెట్టినవారు)

మొన్న విశాఖ నుంచి మా మేనల్లుడు పనిమీద వచ్చాడు. మధ్యాహ్నం ఆకలివేళ "మావయ్యా, ఇక్కడ మంచి ఆంధ్రా భోజనం ఎక్కడ?" అన్నాడు. ఈమధ్యే తెరిచిన ఒక ఏసీ హోటల్‌కి తీసుకెళ్ళాను. ప్లేటు 180 రూపాయలు. అరిటాకులా కత్తిరించిన కాగితం, దాని మీద పదకొండు రకాలు. పప్పు నీళ్ళలా ఉంది, సాంబారు తియ్యగా ఉంది, గోంగూర పచ్చడి కొన్నదని నోట్లో పెట్టగానే తెలిసిపోయింది. ఇద్దరం కడుపు నిండా తిన్నాం, బయటికొచ్చాక ఏదో తినకుండా వచ్చేసినట్టు అనిపించింది.

మర్నాడు పొద్దున్నే వాణ్ణి మా వీధి చివర టిఫిన్ బండి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆకు దొప్పలో రెండు ఇడ్లీ, రెండు బరా, వాటి మీద పొగలు కక్కే ఘుగుని, పక్కన కాస్త కొబ్బరి చట్నీ. బయటివాళ్ళ కోసం చెబుతున్నాను: బరా అంటే మన గారె, ఘుగుని అంటే ఎండు బటాణీలతో చేసే జారుడు కూర. వాడు ఏమీ మాట్లాడకుండా తిన్నాడు. తిని ఇంకో రెండు బరా వేయించుకున్నాడు.

అందుకే నా మాట ఇది. ఈ ఊళ్ళో ‘ఆంధ్రా మీల్స్’ అని బోర్డు కనిపిస్తే ముందుకు నడవండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మన ఊరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. ఇక్కడి ఒడియా ఇళ్ళలో కూడా కటక్ వైపు కన్నా కరివేపాకు, చింతపండు ఎక్కువ వాడతారు. మన తిండి ఇక్కడ ఊరంతా కలిసిపోయి ఉంది. దాన్ని బోర్డు కట్టిన హోటల్లో వెతుక్కోనక్కర్లేదు.

భువనేశ్వర్ ఉద్యోగి

బాబాయ్ గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఇది నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. మాది శ్రీకాకుళం. నాలుగేళ్ళు బరంపురంలో చదివాను. మొదటి ఏడాది మెస్‌లో రోజూ దాల్మా పెట్టేవారు. కందిపప్పులో బొప్పాయికాయ, గుమ్మడి, అరటికాయ, ములక్కాడ వేసి ఉడికించి, చివర్లో నెయ్యి, కొబ్బరి వేస్తారు. మంచి వంటే, ఇప్పటికీ తింటాను. కానీ పరీక్షల టెన్షన్‌లో ఉన్నప్పుడు నాకు కావలసింది అది కాదు. ముద్దపప్పు, ఆవకాయ, చారు కావాలి. నెలకోసారి స్నేహితులం నలుగురం డబ్బులు వేసుకుని ఒక ఆంధ్రా మీల్స్ హోటల్‌కి వెళ్ళేవాళ్ళం. వంట గొప్పగా ఉండేదని చెప్పను. వడ్డించే పెద్దాయన బకెట్ పట్టుకుని వచ్చి "ఇంకో గరిటె వేస్తాను బాబూ, మొహమాటపడకు" అనేవాడు. ఆ మాట తెలుగులో వినడానికే వెళ్ళేవాళ్ళం. మారు అన్నం అడగకుండానే పెట్టే చోటు ఊరు కాని ఊళ్ళో ఎంత ధైర్యమిస్తుందో, పుట్టిన ఊళ్ళోనే ఉన్న మీకు తెలియదేమో.

బండి దగ్గర తినేది టిఫిన్. నేనడుగుతున్నది భోజనం గురించి. రెండిటికీ పోటీ పెట్టకండి.

గేట్ బజార్ టిఫిన్ అక్క

మాది చిన్న కొట్టు. నేను, మా ఆయన, ఒక కుర్రాడు. రుచి సంగతి తినేవాళ్ళు చెబుతారు, పొయ్యి దగ్గర ఏం జరుగుతుందో నేను చెబుతాను.

ఘుగునికి బటాణీలు రాత్రి పడుకోబోయే ముందు నానెయ్యాలి. తెల్లారగట్ల నాలుగింటికి లేచి ఉడకబెడతాం. బటాణీ వేలితో నొక్కితే మెత్తగా అవ్వాలి, తొక్క మాత్రం ఊడిపోకూడదు. బంగాళదుంప కొంచెం చిదిమి వేస్తేనే రసం చిక్కబడుతుంది. ఉల్లి, అల్లం, వెల్లుల్లి ముద్ద వేగాక కలుపుతాం. దించే ముందు వేయించిన జీలకర్ర, ఎండుమిరప పొడి. ఆ పొడి అప్పటికప్పుడు దంచితేనే వాసన, డబ్బాలో నిల్వ చేస్తే పోతుంది. బరాకి మినప్పిండి నీళ్ళు తగలకుండా గట్టిగా రుబ్బాలి, లేకపోతే నూనె తాగేస్తుంది. అదేగనక అయితే ఆ రోజు లాభం నూనెలోనే పోయినట్టు.

తొమ్మిదిన్నరకి మా గిన్నెలు ఖాళీ. అప్పుడు కడుక్కోవడమే పని. మర్నాటికి దాచేది ఏమీ ఉండదు. పదకొండు రకాలు పెట్టే హోటల్‌కి ఈ వీలు లేదు. పొద్దున పదకొండు నుంచి రాత్రి దాకా అన్నీ సిద్ధంగా ఉంచాలి. ఎవరు ఏది తింటారో తెలియదు, అందుకని అన్నిటికీ ఒకే మసాలా ముద్ద చేసి పెట్టుకుంటారు. సాంబారు తగ్గినకొద్దీ వేడినీళ్ళు కలుపుతారు. అన్నం ఎంతైనా పెడతామని బోర్డు రాశాక పప్పు పలచనవ్వక తప్పదు. కందిపప్పు ధర తెలిసినవాళ్ళకి ఇది అర్థమవుతుంది. వాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనను, ఆ లెక్క అలాంటిది.

కాబట్టి అన్నా, బోర్డు మీద ఏం రాశారో చూడకండి. ఎన్ని రకాలు ఉన్నాయో, ఎన్నింటికి అయిపోతాయో అడగండి.

సిరొంచ కుర్రాడు

నేను మీ ఊరివాణ్ణి కాదు, మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ. గోదావరి దాటితే తెలంగాణలోని కాళేశ్వరం. అక్క చెప్పిన ఘుగుని సంగతి చదివి రాయాలనిపించింది. విదర్భలో అటుకుల పోహా మీద ఎర్రటి శనగల రసం పోస్తారు, దాన్ని తర్రీ అంటారు. మెత్తటి టిఫిన్ మీద ఘాటైన గింజల రసం, మీకు మాకు ఒకటే పద్ధతి! మా ఇంట్లో తెలుగే మాట్లాడతాం. బయట ఊళ్ళలో చదివి సెలవులకి వచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఆ తర్రీ పోహాయే.

ఉద్దానం ఆడపడుచు

ఇక్కడ వాదన రుచి గురించి నడుస్తోంది. నేను వేరే అవసరంతో చదువుతున్నాను. మాది కవిటి దగ్గర పల్లె. మా వైపు కిడ్నీ జబ్బు ఎంతమందికి ఉందో మీకు తెలిసిందే. మా నాన్నగారిని తీసుకుని బరంపురం వచ్చి తొమ్మిది రోజులైంది. ఉప్పు బాగా తగ్గించాలని డాక్టరు గట్టిగా చెప్పారు. ఆంధ్రా మీల్స్ తెచ్చి విప్పితే ఆవకాయ, అప్పడం, చల్ల మిరపకాయ, వేపుడు, సాంబారు. అన్నిట్లో ఉప్పే. ఆయనకి అవంటే ప్రాణం. ముందుపెట్టి తినొద్దంటే ఆ ముఖం చూడలేకపోయాను.

మూడో రోజు పక్క సందులో ఒక ఒడియా భాత్ హోటల్లో నా అవస్థ చెప్పుకున్నాను. నాకు ఒడియా సరిగా రాదు, వాళ్ళావిడకి తెలుగు అంతంతమాత్రం. ఆవిడ సంతులా చేసి ఇస్తానంది. కూరగాయ ముక్కలు ఉడకబెట్టి తేలిగ్గా పోపు పెడతారు, కారం, మసాలా పెద్దగా ఉండవు. నాన్నగారి కోసం ఉప్పు వేయకముందే ఒక గిన్నె విడిగా తీసి ఉంచుతోంది. ఏ కూరగాయలు వాడొచ్చో డాక్టరుని అడిగి చీటీ రాసి ఇచ్చాను, గోడకి అంటించుకుంది. నాకు ఒడిశా ప్రభుత్వం నడిపే ‘ఆహార్’ కేంద్రంలో అయిదు రూపాయలకే అన్నం, దాల్మా దొరుకుతున్నాయి. తొమ్మిది రోజులు ఊరు కాని ఊళ్ళో నిలబడగలిగానంటే అందువల్లే.

తమ్ముడు చెప్పిన "ఇంకో గరిటె" మాట నాకు అర్థమైంది. నాకు ఆ మాట ఒడియాలో దొరికింది.

భువనేశ్వర్ ఉద్యోగి

అక్కా, నాన్నగారు త్వరగా కోలుకోవాలి. మీరు చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు. నా మాట మీద నేను ఉంటాను, కానీ ఊరగాయ లేని భోజనంలో ఏం తృప్తి అని రాయబోయినవాణ్ణి ఆగిపోయాను.

జయపురం మాస్టారు

కొరాపుట్ వైపు నుంచి ఒక్క మాట. ఎండాకాలం మాకు రాగి అంబలే. రాగుల్ని ఒడియాలో మాండియా అంటారు. 2017లో ఒడిశా మిల్లెట్ మిషన్ మొదలయ్యాక చిరుధాన్యాల తిండిని హోటళ్ళలో అడిగేవాళ్ళు పెరిగారు. నలభై ఏళ్ళ కిందట అంబలి తాగుతున్నామని చెప్పుకోడానికి సిగ్గుపడేవాళ్ళం. బరంపురంలో ఎవరైనా హోటల్లో మజ్జిగ కలిపిన అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పెడితే నేను ప్రయాణం ఆపి మరీ తింటాను.

అలాగే పఖాళ. నీళ్ళు పోసి పులియబెట్టిన చద్దన్నం. దాని పులిసిన నీటిని వాళ్ళు తొరాణి అంటారు, మన పాతవాళ్ళు తరవాణి అనేవారు. మా అమ్మ తరవాణి కుండ మీద మూత తీస్తే వచ్చే పులుపు వాసన ఈ ఊరి ఒడియా హోటల్లో మళ్ళీ దొరికింది. ఆంధ్రా మీల్స్ హోటల్లో అడిగితే అదేంటండీ అన్నారు.

లంజిపల్లి అమ్మాయి

అందరూ బండి, సందు, చిన్న కొట్టు అంటున్నారు. నేనొకటి అడుగుతాను. అక్కడ ఆడవాళ్ళు ఎక్కడ కూర్చోవాలి?

నాకు రెండేళ్ళ పాప. ఉద్యోగం అయ్యేసరికి రాత్రి ఎనిమిది. మా ఆయన సూరత్‌లో పని చేస్తారు. మీరు చెప్పే బండి దగ్గర నిలబడి ఒక చేత్తో పాపని, ఒక చేత్తో దొప్పని పట్టుకోలేను. బండి చుట్టూ మగవాళ్ళు, బైకులు, సిగరెట్ పొగ. చేతులు కడుక్కోడానికి డ్రమ్ములో మగ్గు. బాత్రూమ్ అడిగితే పెట్రోల్ బంకు చూపిస్తారు. పైగా రాత్రి ఎనిమిదికి టిఫిన్ అక్క గారి గిన్నెలు కడిగేసి దాదాపు పది గంటలు గడిచిపోయి ఉంటాయి.

ఆ 180 రూపాయల ఏసీ హోటల్ లాంటిదాన్లో నాకు కుర్చీ ఉంటుంది, తలుపున్న బాత్రూమ్ ఉంటుంది, పాపకి వేడినీళ్ళు అడిగితే ఇస్తారు, ఒంటరిగా ఎందుకొచ్చావని ఎవరూ చూడరు. సాంబారు తీపిగా ఉంటుందని నాకూ తెలుసు. అయినా అక్కడ ఒక అరగంట నడుం వాల్చి కూర్చున్నప్పుడు నాకు కలిగేది తృప్తి కాదంటారా? బాబాయ్ గారూ, "ముందుకు నడవండి" అని మీరు తేలిగ్గా అనేశారు. ముందుకు నడిస్తే నాకు ఏముందో చెప్పండి.

గేట్ బజార్ టిఫిన్ అక్క

అమ్మా, నువ్వన్నది నిజం. మా కొట్టులో రెండు బెంచీలు ఉన్నాయి, పొద్దున ఆఫీసు వేళకి మగవాళ్ళే నిండిపోతారు. నేను ఆడదాన్నై ఉండి కూడా దీని గురించి ఆలోచించలేదు. లోపల గోడ వైపు బెంచీ ఆడవాళ్ళకి, పిల్లలున్నవాళ్ళకి వదిలెయ్యమని రేపటి నుంచి చెబుతాను. బాత్రూమ్ మాత్రం మా చేతిలో లేదు, అద్దె కొట్టు.

పెద్దబజారు మనిషి

రెండు రోజులుగా అన్నీ చదివాను. లంజిపల్లి తల్లీ, నీ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకుండానే ఆ మాట అనేశాను. అరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో తింటున్నాను. బండి దగ్గర మా ఆవిణ్ణి ఎప్పుడైనా పక్కన నిలబెట్టి తినిపించానా అని ఆలోచిస్తే ఒక్కసారీ లేదు. ఎప్పుడూ పార్సిల్ కట్టించుకుని ఇంటికి తెచ్చాను. నాకు వేడివేడిగా, ఆమెకి చల్లారినవి. మెత్తబడిన బరా తిని "బాగున్నాయి" అనేది. మొన్న మేనల్లుడితో వెళ్ళినప్పుడు కూడా ఆమె ఇంట్లోనే ఉంది.

"ముందుకు నడవండి" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆంధ్రా మీల్స్ సంగతిలో మాత్రం నా అభిప్రాయం అదే, దానికి కారణం నాకన్నా గేట్ బజార్ అమ్మాయే బాగా చెప్పింది. నాలుగు రకాలు వండి, వండినవి ఒక పూటలో అయిపోయే చోట తినాలి. అది తెలుగువాళ్ళదైనా ఒడియావాళ్ళదైనా నాకు ఒకటే. శ్రీకాకుళం కుర్రాడు చెప్పిన వడ్డించే పెద్దాయన అలాంటి చోటనే ఉండి ఉంటాడు. ఆ హోటల్ ఏ వీధిలోనో రాయి బాబూ, ఇంకా ఉంటే వెళ్తాను.

ఆదివారం నేనూ మా ఆవిడా కలిసి గిరి రోడ్డు నుంచి పాత బస్టాండ్ దాకా నడుస్తాం. కూర్చునే చోటు, ఆడవాళ్ళకి బాత్రూమ్, రాత్రి ఎనిమిది తర్వాత వేడిగా దొరికేది ఏంటి, ఈ మూడూ ఆమె చూస్తుంది, నేను రుచి చూస్తాను. ఎక్కడెక్కడ ఏముందో వచ్చి ఇక్కడే రాస్తాం.

లంజిపల్లి అమ్మాయి

సరే బాబాయ్ గారూ. పిన్నిగారిని పిల్లల కుర్చీ ఉందేమో కూడా చూడమనండి.

ఉద్దానం ఆడపడుచు

ఉప్పు వేయకముందు విడిగా తీసి ఇస్తారేమో అదీ అడగండి. సోమవారం మమ్మల్ని ఇంటికి పంపిస్తామన్నారు, కానీ నెలకి రెండుసార్లు రావాలట.