మెల్‌బోర్న్‌లో ఆగస్టు 29 కథల మధ్యాహ్నం: వాలంటీర్ల సన్నాహాలు

కార్యక్రమ సమన్వయకర్త:

వాలంటీర్లందరికీ నమస్కారం. ఈ 2026లో గిడుగు రామమూర్తి గారి జయంతి, అంటే మన తెలుగు భాషా దినోత్సవం, ఆగస్టు 29 శనివారం నాడు వస్తున్నది. ఇక్కడి బడులలో పుస్తక వారం కూడా ఆగస్టు నెలలోనే జరుగుతుంది. తమకు నచ్చిన పుస్తకంలోని పాత్ర వేషం వేసుకొని బడికి వెళ్ళే పిల్లల ఉత్సాహం తగ్గకముందే వారిని తెలుగు కథల దగ్గరికి తీసుకురావచ్చునని కార్యవర్గం భావించింది. ఉపన్యాసాలు, సన్మానాలు, నృత్య ప్రదర్శనలు ఈసారి పెట్టుకోకుండా, మధ్యాహ్నం రెండు గంటల నుండి అయిదింటి వరకు కథలు చెప్పుకోవడం, చదివి వినిపించడం, పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవడం మాత్రమే జరగాలని నిర్ణయించాము.

ఈ నిర్ణయానికి కారణాన్ని వివరంగా చెప్పడం అవసరం. ఇంట్లో తెలుగు వింటూ పెరిగిన మన పిల్లలలో చాలామందికి అమ్మమ్మ ఫోనులో చెప్పే మాట పూర్తిగా అర్థమవుతుంది కానీ, తెలుగు పుస్తకం చేతికిస్తే మాత్రం బొమ్మలు చూసి మూసేస్తారు. అటువంటి పిల్లవాడికి ముందుగా అక్షరమాల పుస్తకం ఇవ్వడం కంటే, తాను విని ఆనందించిన కథే ఆ పుటలలో ఉన్నదని చూపించడం మేలని నా నమ్మకం. కథ ముందే తెలిసి ఉంటే, తరువాతి వాక్యం ఏమై ఉంటుందో ఊహిస్తూ అక్షరాలను పోల్చుకునే ధైర్యం పిల్లలకు కలుగుతుంది. గిడుగు వారిని మనం వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగానే ఎక్కువగా తలచుకుంటాము. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరలనే గిరిజనుల భాష నేర్చుకొని, ఆ పిల్లల కోసం వారి భాషలోనే వాచకాలు తయారుచేసి, వారి పాటలనూ కథలనూ సేకరించినది కూడా ఆయనే. ఆయన జయంతిని కథలతో జరుపుకోవడం కంటే తగిన పద్ధతి నాకు తోచడం లేదు.

కార్యక్రమం నడిపే తీరుకు మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీ మజిలీ కథలను ఆధారంగా తీసుకుందామని నా ప్రతిపాదన. కాలినడకన కాశీకి పోయే మణిసిద్ధుడు ప్రతి మజిలీలోనూ తన వెంట వచ్చిన గోపకుమారుడికి ఒక కథ చెబుతాడు. అయితే గోపుడు ఊరు చూసి వచ్చి, తనకు వింతగా కనబడిన దానిని గురించి అడిగిన తరువాతనే ఆ కథ మొదలవుతుంది. మనం కూడా ప్రతి గదిలో పిల్లలను ఆకర్షించే వస్తువు ఒకటి ఉంచి, దానిని గురించి వారు అడిగిన ప్రశ్నతోనే కథ ఎత్తుకుందాము. మనకు ఒక పెద్ద హాలు, రెండు చిన్న గదులు ఉన్నాయి కనుక మూడు మజిలీలు సరిపోతాయి. మీ మీ అభిప్రాయాలు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

కథల విభాగం బాధ్యురాలు:

సమన్వయకర్త గారికి నమస్కారం. మజిలీల ఆలోచన నాకు ఎంతో నచ్చింది. ఎనిమిదేళ్ళ లోపు పిల్లల గదికి నేను బాధ్యత తీసుకుంటాను. అక్కడ మొదటి కథ ఏడు చేపల కథే కావాలని నా పట్టుదల. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే, అందులో ఒకటి ఎండలేదు. ఎందుకు ఎండలేదని చేపను అడిగితే అది గడ్డిమోపు మీద చెబుతుంది, గడ్డిమోపు ఆవు మీద చెబుతుంది, ఆ వరుస చివరికి బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అని అడిగే చీమ దగ్గర ఆగుతుంది. భాష తక్కువగా వచ్చిన పిల్లలకు ఇంతకంటే ఉపకరించే కథ మరొకటి లేదు. ప్రశ్న అడిగే తీరు ఒక్కటే, మారేది అడిగించుకునే ప్రాణి మాత్రమే కనుక, మూడో ప్రశ్న వచ్చేసరికి గదిలోని పిల్లలందరూ తామే గొంతు కలిపి అడగడం మొదలుపెడతారు. చీమ జవాబు చెప్పే వంతు మాత్రం పెద్దలు ఎవరూ తీసుకోకుండా పిల్లలకే వదిలిపెట్టాలి.

కథ చెప్పడానికి ఒప్పుకున్న అమ్మమ్మలకూ తాతయ్యలకూ నేను విడిగా ఫోను చేసి మాట్లాడుతున్నాను. వారందరికీ నేను చెబుతున్న మొదటి మాట, కథను బట్టీ పట్టవద్దని. కాగితం చూసి అప్పగించిన కథలో పిల్లల ముఖాలు చూసే తీరిక ఉండదు, వారు ఎక్కడ తెల్లబోయారో, ఎక్కడ ముందుకు వంగారో చెప్పేవారికి తెలియదు. రెండవ మాట, పిల్లల చేత ఊ కొట్టించమని. ఊ కొట్టే పిల్లవాడు కథలో భాగస్వామి అవుతాడు, ఆ ఊ ఆగిందంటే కథ ఎక్కడో జారిపోయిందని చెప్పేవారు వెంటనే గ్రహించి వెనక్కి వచ్చి అందుకోవచ్చు. మూడవ మాట, కథ అయిపోయిన తరువాత నీతి విడమరచి చెప్పవద్దని. కథ బాగా చెబితే నీతి దానంతట అదే పిల్లల మనసుకు అందుతుంది, అందకపోయినా కథ విన్న ఆనందం మిగులుతుంది, ఆ ఆనందం కోసమే గదా మనమందరం ఈ శ్రమ పడుతున్నది.

ఇంకొక విషయం కూడా మనవి చేయాలి. శ్రీకాకుళం వైపు పెద్దలు చెప్పే ఏడు చేపల కథకూ, కరీంనగరం వైపు వారు చెప్పే కథకూ, రాయలసీమలో వినబడే కథకూ తేడాలు ఉంటాయి. ఒకరి కథలో గొల్లవాడు ఉన్న చోట మరొకరి కథలో పాలేరు ఉంటాడు. యాస సరేసరి. వీటిలో దేనినీ సరిదిద్దవద్దని, ఎవరి ఇంటి మాటలో వారు చెప్పాలని గట్టిగా కోరుతున్నాను.

వారాంతపు తెలుగు బడి ఉపాధ్యాయురాలు:

పై సూచనలన్నిటితో నేను ఏకీభవిస్తున్నాను కానీ, పదేళ్ళు దాటిన పిల్లల విషయం ఎవరూ ప్రస్తావించలేదు. ఏడు చేపల కథ వినిపిస్తే వారు మర్యాద కోసం కాసేపు కూర్చుని, ఆ తరువాత బయటికి వెళ్ళిపోతారు. వారికోసం రెండవ గదిలో బేతాళ కథలు పెట్టాలని నా కోరిక. 1947 జూలైలో మొదలైన చందమామ పత్రికకు ప్రాణంగా నిలిచిన ఆ కథలలో, శవాన్ని భుజాన వేసుకొని శ్మశానం వైపు నడిచే విక్రమార్కుడికి బేతాళుడు కథ చెప్పి, చివర ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. ఆ ప్రశ్న దగ్గరే మనం పుస్తకం మూసి, విక్రమార్కుడు ఇచ్చిన జవాబు చదవకుండా, పిల్లలను రెండు పక్షాలుగా కూర్చోబెట్టి వాదించుకోనివ్వాలి. ఆ వాదం అయిన తరువాతనే మిగిలిన పేరా చదవాలి. న్యాయాన్యాయాల గురించి తర్కించడం ఆ వయసు పిల్లలకు సహజంగా ఇష్టం కనుక, తెలుగు రాదన్న సంకోచం ఆ వేడిలో కొంత మరుగున పడుతుంది.

ఇక్కడ ఒక నియమం అవసరం. పిల్లలు ఇంగ్లీషులో అడిగినా, ఇంగ్లీషులో వాదించినా అడ్డు చెప్పకూడదు. కథ చెప్పేవారు మాత్రం తెలుగులోనే జవాబు ఇవ్వాలి. మాట్లాడినందుకు తప్పు పట్టించుకున్న పిల్లవాడు మళ్ళీ నోరు తెరవడం కష్టమని తరగతి గదిలో పనిచేసే మాకందరికీ తెలుసు.

చదివి వినిపించడానికి చందమామ భాష ఎంతో అనుకూలంగా ఉంటుంది. కొడవటిగంటి కుటుంబరావు గారు దాదాపు మూడు దశాబ్దాలు ఆ పత్రిక బాధ్యత వహించిన కాలంలో కథలన్నీ చిన్న వాక్యాలతో, వర్ణనల బరువు లేకుండా, సంఘటన వెంట సంఘటనగా సాగేవి. బిగ్గరగా చదివేవారికి ఎక్కడా ఊపిరి చాలకపోవడం ఉండదు. చిత్రా, శంకర్ గార్ల బొమ్మలున్న పాత సంచికలు ఎవరి ఇంట్లోనైనా ఉంటే ఆ ఒక్క రోజుకు తీసుకురావలసిందిగా మనవి.

పుస్తకాల బాధ్యుడు:

అందరికీ నమస్కారం. పెద్ద హాలులో ఒక గోడ పొడవునా బల్లలు వేసి పుస్తకాల మార్పిడి ఏర్పాటు చేస్తాను. ఎవరైనా తాము చదివిన పుస్తకం ఒకటి పెట్టి మరొకటి తీసుకువెళ్ళవచ్చు. పెట్టడానికి పుస్తకం లేని పిల్లలు కూడా ఒకటి తీసుకువెళ్ళవచ్చు. 1914లో బెజవాడలో మొదటి గ్రంథాలయ మహాసభ జరిపిన నాటి నుండి పుస్తకాన్ని చదువరి దగ్గరికే తీసుకువెళ్ళడం మన పెద్దలు నమ్మిన పద్ధతి. పాతూరి నాగభూషణం గారు 1935లో కృష్ణా డెల్టా కాలువలపై పడవలో పుస్తకాలు పెట్టి ఊళ్ళకు చేర్చారంటే, ఈ నగరంలో నలుమూలలా విడివిడిగా ఉంటున్న మన కుటుంబాలకు కార్లలో పుస్తకాలు చేర్చడం మనకు కష్టం కాకూడదు. అందుచేత ఆ రోజు మిగిలిపోయిన పుస్తకాలను మూడు పెట్టెలుగా విడదీసి, ఉత్తర, పశ్చిమ, ఆగ్నేయ శివార్లలో ఒక్కొక్క కుటుంబం వద్ద ఉంచి, రెండు నెలలకొకసారి పెట్టెలను మార్చుకునే ఏర్పాటు చేద్దామని ప్రతిపాదిస్తున్నాను. ఇందుకు ముగ్గురు ముందుకు రావాలి. నాకు ఈ కార్యక్రమం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమనిపిస్తున్నది ఈ పెట్టెల విషయమే, ఎందుకంటే ఆ మధ్యాహ్నం కథ విని ఇష్టపడిన పిల్లవాడికి సెప్టెంబరులో ఇంకొక పుస్తకం అందకపోతే ఆ ఇష్టం నిలవదు.

పిల్లలకు పంచిపెట్టే ప్రతుల విషయంలో చట్టాన్ని గమనించాలి. ప్రచురితమైన రచన నుండి తగుమాత్రపు భాగాన్ని, రచన పేరూ రచయిత పేరూ చెప్పి బహిరంగంగా చదవడానికి ఆస్ట్రేలియా కాపీరైటు చట్టంలోని 45వ సెక్షను అవకాశం ఇస్తున్నది. దాని అర్థం చందమామ కథలను జిరాక్సు తీసి పంచవచ్చునని కాదు. పంచడానికి స్టోరీవీవర్ వేదికలోని తెలుగు కథలను వాడుకుందాము. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ఆరంభించిన ఆ వేదికలో కథలు చదివే స్థాయినిబట్టి విభజించి ఉంటాయి, రచయిత, చిత్రకారుల పేర్లు ఉంచి ముద్రించుకోవడానికి వాటి లైసెన్సు అనుమతిస్తుంది. హైదరాబాదులోని మంచి పుస్తకం వారి పిల్లల పుస్తకాలను కొనడానికి కొంత సొమ్ము కేటాయించవలసిందిగా కోశాధికారి గారిని కోరుతున్నాను. జూలైలో ఇండియా నుండి వచ్చేవారు తలా కొన్ని సర్దుకొని తెస్తే తపాలా ఖర్చు తప్పుతుంది.

మజిలీలలో ఉంచే వస్తువుల గురించి ఒక హెచ్చరిక. తాటాకు, గంటం, కొండపల్లి బొమ్మలు తెప్పిద్దామని కొందరు నాతో అన్నారు. చాలా మంచి ఆలోచన. అయితే కర్రతోనూ ఆకుతోనూ చేసిన వస్తువులను విమానాశ్రయంలో దిగగానే ప్రయాణికుల పత్రంలో తప్పకుండా ప్రకటించాలి. తెచ్చేవారికి ఈ సంగతి ముందుగానే చెప్పండి.

హాలు ఏర్పాట్ల బాధ్యుడు:

హాలు ఒంటి గంట నుండి ఆరు వరకు మన పేరున ఖాయమైంది. ఆగస్టు చివరలో ఇక్కడ ఆరు గంటలకే చీకటి పడుతుంది, చలి కూడా పెద్దవారికి ఇబ్బంది కనుక అయిదింటికి ముగించడమే మంచిది. చిన్న గదులలో మైకులు పెట్టడం లేదు. ఒక్కో గదిలో ఇరవై మంది పిల్లలకు మించకుండా చాపలు, దిండ్లు వేస్తాము. పిల్లల గదులలో పనిచేసే వారందరికీ వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్, అంటే పిల్లలతో పనిచేయడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి, ఉండాలి. వాలంటీర్లకు దానికి రుసుము లేదు కానీ రావడానికి సమయం పడుతుంది కనుక ఈ వారంలోనే దరఖాస్తు చేయండి. తల్లిదండ్రులు పిల్లలను వదిలి వెళ్ళిపోకుండా హాలులోనే ఉండాలని ఆహ్వానంలో స్పష్టంగా రాయండి. తినడానికి చేగోడీలు, అరటిపళ్ళు, టీ చాలు. నూనె చేతులతో పుస్తకాలు పట్టుకోకుండా తినే బల్లను వంటగది వైపు వేస్తాను.

ఒక సభ్యుడు:

ప్రదర్శనలు వద్దన్న నిర్ణయాన్ని గౌరవిస్తూనే ఒక విన్నపం చేస్తున్నాను. బుర్రకథను ప్రదర్శనగా కాక కథ చెప్పే పద్ధతిగా చూడాలి. తంబుర పట్టిన కథకుడు ఒక మాట అనగానే ఇరుపక్కలా గుమ్మెటలనే వాద్యాలు వాయిస్తూ వంత పాడేవారు, అంటే వంతలు, అందుకోవడం, ఒక వంత ప్రశ్న అడిగి కథను నిలదీయడం, మరొక వంత నవ్వించడం, ఇదంతా ఊ కొట్టడానికి విస్తరించిన రూపమే. షేక్ నాజర్ గారి వంటి మహా కళాకారుడు పల్లెపల్లెకూ తీసుకువెళ్ళిన ఆ విద్యను మన పిల్లలు ఒక్కసారైనా ఎదురుగా చూడాలి. మా బృందంలో ముగ్గురం ఉన్నాము, ఇరవై నిమిషాలు ఇస్తే చాలు.

కార్యక్రమ సమన్వయకర్త:

అందరికీ కృతజ్ఞతలు. బుర్రకథను గురించిన విన్నపం న్యాయమైనది. నాలుగున్నరకు పిల్లలందరినీ పెద్ద హాలులోకి తీసుకువచ్చి, ఇరవై నిమిషాల బుర్రకథతో ముగిద్దాము. వేదిక ఎక్కకుండా నేల మీదే, పిల్లల మధ్యనే చెప్పాలని, "తందాన తాన" అనే వంతు పిల్లలకు ముందే నేర్పి వారి చేత అనిపించాలని నా షరతు.

పెద్దల కోసం హాలులో ఒక మూల చదివి వినిపించే కార్యక్రమం ఉండాలని కొందరు ఫోనులో అడిగారు. 1902 నాటి భండారు అచ్చమాంబ గారి "ధనత్రయోదశి", 1910 నాటి గురజాడ అప్పారావు గారి "దిద్దుబాటు" అందుకు తగినవి. రెండూ భార్యాభర్తల మధ్య నడిచిన కథలే, రెండింటిలోనూ దారి తప్పబోయిన లేక తప్పిన భర్తను సరైన దారికి తెచ్చేది భార్యే. వరుసగా వింటే వాటి మీద మాట్లాడుకోవడానికి ఎంతో ఉంటుంది. కాపీరైటు గడువు ఎప్పుడో తీరిపోయింది కనుక ప్రతులు కూడా పంచవచ్చు. "దిద్దుబాటు"లో సంభాషణ ఎక్కువ కాబట్టి భర్త గోపాలరావుకు ఒకరు, నౌకరు రాముడికి ఒకరు, మిగిలిన కథనానికి మరొకరు గొంతు ఇవ్వాలి. నటించవద్దు, చదవడం చాలు.

పుస్తకాల పెట్టెల ప్రతిపాదనను కార్యవర్గం ఆమోదించింది. పశ్చిమ శివారు పెట్టె మా ఇంట్లో ఉంచుతాను. ఉత్తర, ఆగ్నేయ శివార్ల నుండి ఇద్దరు, "దిద్దుబాటు" చదవడానికి ముగ్గురు, రెండవ గదిలో వాదప్రతివాదాలు నడపడానికి ఇద్దరు ఇంకా కావాలి. ఈ ఆదివారం రాత్రిలోగా ఇక్కడే తెలియజేయండి.